నీడపట్టు పని: నర్సాపురం లేసు మొదట ఎవరి చేతిది?

మన చేతుల చరిత్ర – 9



పోయిన రెండు భాగాల్లో తోలు గురించి, డప్పు గురించి మాట్లాడుకున్నాం. ఈసారి తెల్ల దారం. లేసు గురించి రాస్తానంటే ఒక విద్యార్థి నవ్వాడు. "మేడమ్, అది పెద్దింటి ఆడవాళ్ల కాలక్షేపం కదా, మన చేతుల చరిత్రలో దానికేం పని?" అన్నాడు. ఆ ప్రశ్నకే ఈ భాగం.

అతని తప్పేం లేదు. ఈమధ్య ఒక కాలేజీలో జిల్లా హస్తకళల ప్రదర్శన పెడితే వెళ్లాను. నర్సాపురం లేసు దగ్గర ఒక అట్ట మీద రెండే వాక్యాలు రాసి పెట్టారు. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు ఈ కళను పరిచయం చేశారన్నది మొదటిది. ఇక్కడి గృహిణులు తీరిక వేళల్లో దీన్ని అల్లుతారన్నది రెండోది. నేర్పినవాళ్లు దొరలు, అల్లేవాళ్లు గృహిణులు. మధ్యలో నూరేళ్లకు పైగా కాలం ఉంది, ఆ కాలంలో సూది పట్టినవాళ్లున్నారు. వాళ్లు ఆ అట్ట మీద లేరు.

నేను తెలుగు సాహిత్యంలో పరిశోధన చేశాను. వసంతం మీద ఎన్ని పద్యాలు చదివానో లెక్కలేదు. కోయిల, మావిచిగురు, మల్లెలు, మలయమారుతం. మా అమ్మమ్మ వాళ్ల పేటలో వసంతం అంటే ఇవేవీ కావు. వసంతం అంటే దాళ్వా కోతలు, దాంతోపాటు ఈస్టర్. కోతకు పోయి వచ్చిన రాత్రి గుడ్డిదీపం ముందు కూర్చుని అమ్మమ్మ అల్లే అరచేయంత తెల్ల లేసు ముక్క.

అది పెద్ద పనేం కాదు. కొక్కెం ఉన్న సన్నటి సూది ఒకటి, దారపుండ ఒకటి. ముందు కొన్ని గొలుసు కుట్లు వేసి రెండు చివరలూ కలిపి చిన్న ఉంగరంలా చేసేది. సూది మీద ఒకసారి దారం చుట్టి లాగితే పొడుగు కుట్టు వస్తుంది. ఉంగరం చుట్టూ అలాంటి కుట్లు వేసుకుంటూ, మధ్యమధ్య గొలుసు వదులుకుంటూ పోతే రెక్కలు విచ్చుకునేవి. అలా నాలుగు పువ్వులు చేసి, వాటిని సిలువ ఆకారంలో అతికేది. చివర గంజిలో ముంచి, పలక మీద పరిచి, మేకులు గుచ్చి ఆరబెట్టేది. ఈస్టర్ తెల్లవారుజామున పేట జనమంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి మందిరానికి వచ్చేసరికి ఆ ముక్క రొట్టె బల్ల మీది గుడ్డకు కుట్టి ఉండేది.

అమ్మమ్మ వాళ్ల సంఘం బ్రదరెన్ సంఘం. పండుగలు ఆచరించడం వాక్యంలో లేదని బోధకులు ప్రతి ఏడూ చెప్పేవారట. పేట ప్రతి ఏడూ వినేదట, ప్రతి ఏడూ కొవ్వొత్తులు కొనేదట.

తెలుగు క్రైస్తవుల మాటల్లో ఒక విచిత్రం ఉంది. ఈస్టర్ ముందు నలభై రోజులను చాలా సంఘాల్లో శ్రమకాలం అంటారు. క్రీస్తు పడ్డ బాధకు మన బైబిల్ వాడిన మాట శ్రమ. మనం సభల్లో మాట్లాడే శ్రమ వేరు, అది పని. ఒకే మాటకు బాధ, పని అనే రెండర్థాలూ నిలిచాయి. దాళ్వా కోతలు ఆ నలభై రోజుల్లోనో, వాటిని ఆనుకునో పడతాయి కనుక మా పేటలో ఆ రెండర్థాలను విడదీసి చూడాల్సిన అవసరం ఎవరికీ రాలేదు.

ఒకసారి చిన్నప్పుడు అడిగాను. "అమ్మమ్మా, ఇది నీకెవరు నేర్పారు? మిస్సమ్మా?"

"మిస్సమ్మ మా అమ్మకు నేర్పిందే పిల్లా. నాకు మా అమ్మ నేర్పింది. మా అమ్మ బోర్డింగులో ఉన్నప్పుడు రోజంతా నీడపట్టున కూర్చుని అల్లేదంట. నీడపట్టున!"

ఆ "నీడపట్టున" అనే మాటను ఆమె రెండుసార్లు ఎందుకంది? నాకు అర్థం కావడానికి పాతికేళ్లు పట్టింది.

ముందు ఆ సూది ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం.

లేసు అనేది ఐరోపాలో రాజులు, బిషప్పులు వేసుకునే సరుకు. చేత్తో చేస్తే నెలలు పట్టేది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో జాన్ హీత్‌కోట్ అనే ఇంగ్లీషాయన లేసు వల నేసే యంత్రం కనిపెట్టాడు. పొట్ట కొడుతోందని 1816లో లఫ్‌బరోలో ఆయన ఫ్యాక్టరీ మీద పడి యంత్రాలు పగలగొట్టారు. ఆయన అక్కడి నుంచి మకాం ఎత్తేసి డెవన్ జిల్లాలో టివర్టన్‌కు వెళ్లాడు. అదే డెవన్‌లో హానిటన్ అనే ఊరి పేరు మీద చేతి లేసు ప్రసిద్ధి. 1840లో విక్టోరియా రాణి పెళ్లికి ఆ లేసే వాడారు. ఒక పక్క రాణిగారి పెళ్లి, ఇంకో పక్క యంత్రం దెబ్బకు కుదేలవుతున్న చేతి లేసు ఆడవాళ్లు.

సూదీ దారంతో అల్లే క్రోషే లేసు ఈ కుటుంబంలో పేద చుట్టం. వెనిస్ లేసును చవగ్గా, త్వరగా అనుకరించడానికి పనికొచ్చింది. ఐర్లండులో 1845లో బంగాళాదుంప పంట తెగులు పట్టి మహా కరువు వచ్చినప్పుడు, ఆకలితో ఉన్న ఆడవాళ్లకు నన్‌లు, దాతలు ఈ పనే నేర్పారు. ఐరిష్ క్రోషే అనే పేరు అలా లోకానికెక్కింది. క్రోషే పుట్టుకలోనే కరువు వాసన ఉంది. "కళ" అని మనం పిలిచే చాలా వాటికి ఆ వాసన ఉంటుంది, ప్రదర్శనల్లో మాత్రం తగలదు.

అది ఇక్కడికి రావడం కూడా కరువు తర్వాతే. 1832–33లో నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని ఊడ్చేసింది. 1839లో కోరంగి తుపాను. గోదావరి ఉండి కూడా సాగునీళ్లు లేని డెల్టా అది. 1836లో ఆంథనీ నారిస్ గ్రోవ్స్ వెంట విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు యువకులు భార్యలతో సహా ఇండియాకి వచ్చారు. ఇద్దరూ డెవన్ జిల్లా బార్న్‌స్టపుల్ వాళ్లు. తర్వాత గోదావరి చివరకు చేరి నర్సాపురం, పాలకొల్లు చుట్టూ పని మొదలుపెట్టారు. అదే గోదావరి డెల్టా మిషన్. లేసుకు పేరుపడ్డ జిల్లా నుంచి వచ్చిన ఆడవాళ్లకు లేసు గురించి తెలిసే ఉంటుందని నా ఊహ. అది ఊహే, రుజువు చూపలేను. నర్సాపురం లేసుకు జీఐ గుర్తింపు వచ్చినప్పుడు పత్రికల్లో వచ్చిన కథనాలు మాత్రం 1844 అని, మెక్రే దంపతులు అని చెబుతాయి.

ఇంకో పాయ ఎగువన ఉంది. కాటన్ దొర గోదావరి మీద పడవల రాకపోకల కోసం దుమ్ముగూడెం దగ్గర పనులు మొదలుపెట్టాక, 1860ల మొదట్లో హేగ్ అనే ఇంజినీరు పూనికతో అక్కడ చర్చి మిషనరీ సొసైటీ వాళ్ల మిషన్ వెలిసింది. కోయల మధ్య, మాలల మధ్య పని. తర్వాత కెయిన్ దంపతుల కాలానికి దుమ్ముగూడెం లేసు అంటే సీమలో గిరాకీ ఉన్న సరుకు. తెలంగాణ మిత్రులకు ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. భద్రాచలం అవతల ఉన్న ఆ ఊరి పేరు చెబితే మనకు ఆనకట్టే గుర్తొస్తుంది, లేసు గుర్తుకు రాదు.

ఎవరికి నేర్పారు? మిషన్ గేటు లోపలికి అప్పట్లో ఎవరు వచ్చారో వాళ్లకు. పై కులాల ఇళ్లలోకి దొరసానులు వెళ్లి బైబిల్ చదివి వచ్చేవారు, వాళ్ల పిల్లలు మాత్రం బోర్డింగులో చేరలేదు. చేరినవాళ్లు మాల పిల్లలు, మాదిగ పిల్లలు, తల్లీతండ్రీ లేని పిల్లలు, కరువులో దిక్కులేనివాళ్లు, మతం మారాక భూస్వామి పని మాన్పిస్తే కూలి పోగొట్టుకున్న కుటుంబాల ఆడవాళ్లు. పేద క్రైస్తవ స్త్రీలకు బతుకుదెరువు కోసం ఈ పని ఇచ్చారని నర్సాపురం లేసు మీద పని చేసిన పరిశోధకులు రాశారు. "పేద క్రైస్తవ స్త్రీలు" అనే మాటను మన ప్రాంతంలో ఎలా చదవాలో నేను చెప్పక్కర్లేదు.

ఇది గోదావరికే ప్రత్యేకం కాదు. మనకంటే ముందే, 1820లలో, నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే దొరసాని లేసు బడి పెట్టింది. నాడార్ పిల్లలు, బానిస కులాల పిల్లలు అక్కడ పని నేర్చుకున్నారు. అది తిరువాన్కూరు సంస్థానం. పై కులాల ముందు రొమ్ము మీద గుడ్డ కప్పుకునే హక్కు ఆ ఆడవాళ్లకు లేదు. ఆ హక్కు కోసం వాళ్లు దెబ్బలు తిని పోరాడితే 1859లో గానీ రాజు దిగిరాలేదు, అదీ షరతులతో. తన ఒంటి మీద పైగుడ్డ వేసుకోనివ్వని ఊళ్లో కూర్చుని, సముద్రం అవతలి ఆడవాళ్ల గౌన్లకు అంచులు అల్లిన పిల్లల్ని ఒకసారి తలుచుకోండి. మా తాతమ్మ సంగతి అంత ఘోరం కాదు. కానీ ఆమె అల్లిన గుడ్డ మీద ఎక్కడో ఇంగ్లండులో ఎవరో రొట్టె పెట్టుకుని తిన్నారు. ఆమె ముట్టుకున్న కుండలో నీళ్లు మాత్రం సొంత ఊళ్లోనే ఎవరూ తాగలేదు.

మిషన్‌ను నేను ఆకాశానికెత్తడం లేదు. దొరసానులు కూడా ముక్కకింత అనే లెక్కనే డబ్బులిచ్చారు. వాళ్లకు కావలసింది శుభ్రంగా, అణకువగా, ఇంటి పట్టున ఉండే క్రైస్తవ ఇల్లాలు. లేసు ఆ శిక్షణలో ఒక భాగం. నేను చూసిన మిషన్ పుస్తకాల్లో నేర్పిన దొరసాని పేరు ఉంటుంది, ఆమె ఏ ఓడలో వచ్చిందో కూడా ఉంటుంది. నేర్చుకున్న పిల్ల మాత్రం "మా అమ్మాయిలు" అనే బహువచనంలో కలిసిపోతుంది.

అయినా మా అమ్మమ్మ రెండుసార్లు అన్న ఆ మాట అక్కడే ఉంది.

నీడపట్టున.

మాల ఆడది పగటిపూట నీడన కూర్చుని పని చేయడం ఆ ఊళ్లు అంతకు ముందు చూడలేదు. ఎండ మన పని, నీడ వాళ్ల హక్కు. కులం అంటే పనుల విభజన మాత్రమే కాదు, పని చేసే మనుషుల విభజన అని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పారు. దానికి నేనొక చిన్న ముక్క కలుపుతాను. ఆ విభజనలో ఎండా నీడా కూడా పంచుకున్నారు. బోర్డింగు వరండాలో, చాప మీద, తెల్ల దారం ఒళ్లో పెట్టుకుని కూర్చున్న పదేళ్ల మాల పిల్ల ఆ పంపకాన్ని కాస్త చెరిపింది. కూలి తక్కువే. మోసం కూడా ఉండి ఉంటుంది. కానీ ఆమె చేతిలో ఉన్నది కులం అంటగట్టిన పని కాదు. తోలుకు, డప్పుకు, పాలేరుతనానికి పుట్టుకతో ముడి ఉంది. లేసుకు ఆ ముడి లేదు. కొత్త పని. దాని మీద ఇంకా ఏ కులమూ చెయ్యి వెయ్యలేదు.

వెయ్యడానికి ఎంతో కాలం పట్టలేదు.

1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలై 1852కి పూర్తయింది. రాళ్లు మోసినవాళ్లలో మనవాళ్లు ఎందరో. బౌడెన్ లాంటి మిషనరీలు ఆ కూలీల గుడిసెల మధ్యే సువార్త చెప్పుకుంటూ తిరిగారు. డెల్టా పచ్చబడింది. సార్వా, ఆ తర్వాత దాళ్వా. నీళ్లు ఎవరి భూమికి చేరాయో సిరి వాళ్లకు చేరింది. భూమి లేనివాళ్లకు చేరింది పని. రెండు పంటలకూ ఊడ్పులు కావాలి, కలుపు తీత కావాలి, కోతలు కావాలి. మోకాలి లోతు బురదలో వంగి నాట్లు వేయడానికి వేల చేతులు కావాలి. అవి మాల మాదిగ ఆడవాళ్ల చేతులు.

ఇదే కాలంలో చేతికి నాలుగు డబ్బులు వచ్చిన రైతు కుటుంబాల్లో ఇంకో మార్పు. ఇంటి ఆడది పొలంలోకి దిగకపోవడం పరువు గుర్తు. నిన్నటి దాకా గట్టు మీద నడిచిన కాపు ఆడవాళ్లు గుమ్మం లోపలికి వెళ్లారు. దానికి అక్కడ గోషా అని పేరు. గుమ్మం దాటకూడదు, కానీ ఇంటికి ఖర్చులున్నాయి. పరువూ పోకూడదు, పైసా రావాలి. అలాంటి ఇంటికి లేసు కంటే అనువైన పని ఏముంది? దారం ఇంటికి వస్తుంది, ముక్క ఇంటి నుంచి పోతుంది, మనిషి కదలనక్కర్లేదు.

అలా లేసు పేట నుంచి ఊళ్లోకి వెళ్లింది. ఎవరూ లాక్కోలేదు, ఏ చట్టమూ చేయలేదు. మా అమ్మమ్మ కథే చెబుతాను. పెళ్లికి ముందు తల్లి పక్కన కూర్చుని లేసు అల్లింది. పెళ్లయ్యాక అత్తవారింట్లో భూమి లేదు, ఊడ్పులకు పోవాలి. నెల రోజులు బురదలో ఉన్న చేయి గరుకెక్కుతుంది, గోళ్ల సందుల్లో మన్ను దిగుతుంది, వేళ్లు పగులుతాయి. సన్న దారం ఆ పగుళ్లకు తగులుకుంటుంది, మరక పడుతుంది. మరక పడ్డ ముక్కకు ఏజెంటు డబ్బులు కోసేసేవాడట. రెండుమూడు సార్లు అలా అయ్యాక ఆమె మానేసింది. "నా చేతులు దానికి పనికి రాకుండా పోయాయి" అనేది. ఆ చేతులు చేతకానివై పోలేదు. ఊరికి అన్నం పెట్టే పని వాటిని పాడు చేసింది. తెల్ల దారం తెల్లగా ఉండాలంటే బురదలో దిగే చేతులు ఇంకెవరివో అయి ఉండాలి. లేసు తెల్లదనానికి వెనకాల ఇంత కులం ఉంది.

ఈ మారిపోయిన నర్సాపురాన్నే మరియా మీస్ చూసింది. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త. 1931లో పుట్టి 2023లో చనిపోయింది. 1970ల చివర్లో అంతర్జాతీయ కార్మిక సంస్థ అధ్యయనం కోసం ఆమె నర్సాపురం చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, 1982లో నర్సాపురం లేసు అల్లేవాళ్ల గురించి పుస్తకం వేసింది. స్త్రీల శ్రమ మీద ప్రపంచంలో ఎక్కడ పాఠం చెప్పినా ఈ పుస్తకం పేరు వస్తుంది. నర్సాపురం కాలేజీ పిల్లల్ని అడగండి, ఎంతమందికి తెలుసో.

ఆమె చూసినదాన్ని నా మాటల్లో చెబుతాను. లక్షకు పైగా ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అల్లుతున్నారు. పనిని ముక్కలు చేశారు. పువ్వులు, గొలుసులు అల్లడం చేతిపని. వాటిని కలపడం అతుకుపని. కాజాకుట్టు వేరే. ఒక ముక్క అల్లే ఆమెకు మొత్తం గుడ్డ ఎలా ఉంటుందో తెలియదు. ఎంతకు అమ్ముడుపోతుందో, ఏ దేశం పోతుందో అసలే తెలియదు. దారం ఏజెంటు తెస్తాడు, ముక్క ఏజెంటు తీసుకుపోతాడు, ఎగుమతి షావుకారు చేస్తాడు. వంటావార్పూ పశువులూ పిల్లలూ చూసుకుంటూనే రోజుకు ఆరేడు గంటలు అల్లితే చేతికి వచ్చేది రూపాయి లోపు. అదే కాలంలో పొలం పనికి పోయే ఆడకూలికి అంతకంటే బాగా ఎక్కువ.

ఇంత పని చేసేవాళ్లను షావుకార్లు గానీ, ఆఫీసర్లు గానీ ఏమనేవాళ్లు? గృహిణులు. ఏం చేస్తారు? తీరిక వేళల్లో అల్లుకుంటారు.

ఆ అట్ట మీద నేను ఆగిపోయింది ఈ "తీరిక" దగ్గరే. తీరిక అంటే పనులన్నీ తీరాక మిగిలిన పొద్దు. పొద్దున్న లేచింది మొదలు దీపం పెట్టే దాకా పని తీరని మనిషికి తీరిక ఎక్కడిది? కానీ ఆ ఒక్క మాటతో కూలి అడిగే హక్కు పోయింది. తీరికగా చేసేదానికి కూలేమిటి? కనీస వేతనం ఏమిటి? సంఘం ఏమిటి? ఆడవాళ్లను ఇలా గృహిణులుగా మార్చి, వాళ్ల పనిని పని కాదనిపించి, ఆ పని మీద ప్రపంచ మార్కెట్టు బతకడాన్నే మీస్ సిద్ధాంతం చేసింది. అది మన గోదావరి ఇళ్లలో పుట్టిన సిద్ధాంతం.

ఆమె ఇంకోటి కూడా గమనించింది. విచిత్రంగా మన చర్చల్లో అది తక్కువగా వినిపిస్తుంది. పొలాల్లో పని చేసే దళిత ఆడవాళ్లు గోషాలో ఉన్న లేసు ఆడవాళ్ల కంటే ఎక్కువ సంపాదిస్తున్నారు, ఎక్కువ ధైర్యంగా మాట్లాడుతున్నారు. కలిసి పనికి పోతారు, కలిసి పాడతారు, కూలి రేటు దగ్గర కలిసి నిలబడతారు. లేసు ఆమె గోడకు ఆనుకుని ఒంటరిగా ఉంటుంది. పక్కింటామెకు ఎంత ఇచ్చారో ఆమెకు తెలియదు. అయినా తాను పొలం కూలి కంటే మెట్టు పైన ఉన్నాననుకుంటుంది. రూపాయి తక్కువ తీసుకుని మెట్టు ఎక్కువ తీసుకుంది. కులం కూలీని ఇలా కూడా చెల్లిస్తుంది.

ఇక్కడ ఇద్దరు ఆడవాళ్లున్నారు. బోర్డింగు వరండాలో కూర్చున్న మా తాతమ్మకు నీడపట్టు అంటే ఎండ నుంచి విడుదల. యాభై అరవై ఏళ్ల తర్వాత ఊళ్లో కాపుల ఇంట్లో అదే సూది పట్టుకున్న ఆమెకు నీడపట్టు అంటే గుమ్మం దాటలేకపోవడం. సూది అదే, గొలుసు కుట్టు అదే. నేను ఆమె మీద కోపంతో ఇది రాయడం లేదు. ఆమెనూ దోచారు. కాపు ఇళ్ల ఆడవాళ్లతో పాటు అగ్నికులక్షత్రియ ఆడవాళ్లు, ఇంకా ఎందరో పేదలు ఆ పనిలో కళ్లు పోగొట్టుకున్నారు. నా తగాదా ఆ అట్టతో.

కొందరు మిత్రులు అడుగుతారు, మొదట ఎవరు అల్లితే ఏమైంది, ఇప్పుడు అందరూ నష్టపోతున్నారు కదా అని. ఏమైందో చెబుతాను. 2024లో నర్సాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే, నేను సంతోషించాను. యంత్రం లేసు, చైనా లేసు పోటీలో మిగిలిన కొన్ని వేల మంది అల్లేవాళ్లకు అది ఎంతో కొంత ఆసరా కావచ్చు. అయితే గుర్తింపు అంటే ఒక కథను అధికారికం చేయడం కూడా. నేను చదివిన పత్రికా కథనాల్లో మిషనరీలున్నారు, 1844 ఉంది, గృహిణులున్నారు. రేపు పథకాలు వస్తాయి, శిక్షణలు వస్తాయి, "సంప్రదాయ కళాకారిణి" అని కార్డులిస్తారు. ఆ కార్డుకు ఎవరు అర్హులు? తరతరాలుగా ఇంట్లో లేసు ఉందని చూపగలిగినవాళ్లు. మా అమ్మ ఏం చూపుతుంది? వాళ్లమ్మ చేతులు బురదకు పాడైతే లేసు ఇంట్లోంచి పోయిందని ఏ కాగితం చూపుతుంది?

సాహిత్యం కూడా ఇందులో పెద్దగా ఆదుకోలేదు. పొలంలో వంగిన దళిత స్త్రీ మన కథల్లో, పాటల్లో ఉంది, ఉండాలి కూడా. వరండాలో తెల్ల దారం పట్టుకుని కూర్చున్న దళిత స్త్రీ నేను చదివినంతలో దాదాపు కనబడలేదు. మనవాళ్లు కూడా రాయలేదు. చెమటా బురదా ఉంటేనే మన మనిషి అని మనమే అనుకున్నామేమో. సన్నటి పని, నాజూకు పని చేసిన మన ఆడవాళ్లను మనమూ ఊరికే వదిలేశాం. ఈ తప్పులో నా పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసానికీ వాటా ఉంది.

ఈస్టర్‌కు తెలుపు రంగు. లూథరన్ మందిరాల్లో ఆ రోజు బల్ల మీద తెల్ల గుడ్డ మారుస్తారు. పోలండులో ఈస్టర్ ముందు రోజు గుడ్లు, రొట్టె బుట్టలో పెట్టి తెల్ల గుడ్డ కప్పి దీవెన కోసం చర్చికి తీసుకుపోతారు. అక్కడ కొనియాకువ్ అనే కొండ ఊళ్లో క్రోషే అల్లే ఆడవాళ్లు బలిపీఠాలకు లేసులు చేసి పంపుతారు, వాళ్ల పేరు మీద ఆ లేసు నిలబడింది. మన లేసు దేశదేశాలు తిరిగింది. ఎవరి ఇంట్లో ఏ పండుగకు ఏ బల్ల మీద పరుచుకున్నారో మనకు తెలియదు, అల్లింది ఎవరో వాళ్లకు తెలియదు.

అమ్మమ్మ లేసు మానేసిందన్నాను. కూలి కోసం మానేసింది. ఈస్టర్ ముక్క మాత్రం మానలేదు. దానికి ఏజెంటు లేడు, కొలత లేదు, కోత లేదు. గరుకు చేత్తోనే, లావు దారంతో అల్లేది. చేతిపని, అతుకుపని రెండూ తనే. మరక పడితే ఉతుక్కునేది. నిజంగా తీరిక అని చెప్పదగింది ఆమె జీవితంలో ఏదైనా ఉంటే ఏడాదికి ఆ నాలుగైదు రాత్రులే.

ఆమె పోయి పదేళ్లయింది. ఆమె సూది మా అమ్మ దగ్గర ఉంది. పోయిన ఏడాది ఈస్టర్‌కు నేను కూర్చుని ప్రయత్నించాను. వీడియో చూసి నేర్చుకున్నాను, అది ఒప్పుకోవాలి. గొలుసు వచ్చింది, రెక్కలు వంకరగా వచ్చాయి. నా చేతులు సుద్దముక్క పట్టే చేతులు, మెత్తగానే ఉన్నాయి. దారం ఎక్కడా తగులుకోలేదు.

నర్సాపురం, పాలకొల్లు, ఆచంట, మొగల్తూరు, అటు దుమ్ముగూడెం వైపు ఊళ్ల నుంచి ఇది చదువుతున్న విద్యార్థులను ఒకటి అడుగుతున్నాను. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ పేటలో పెద్దామెలను అడగండి. ఎవరికి లేసు వచ్చు, ఎవరు నేర్పారు, ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు. చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. వాళ్ల చేతుల ఫోటో తీయండి, అడిగి తీయండి. పేరు చెప్పడానికి వాళ్లకు ఇష్టమైతే పూర్తి పేరు రాయండి. బహువచనంలో కలిపెయ్యకండి. పిన్నీ, పెద్దమ్మా, నాయనమ్మా అని మాత్రమే రాసి వదిలెయ్యకండి.

కింద పెట్టిన ఫోటోలో ఎడమ పక్కది అమ్మమ్మ అల్లిన సిలువ. గంజి మరక పసుపు పచ్చగా ఉంది చూడండి. కుడి పక్కది నాది.

(పదో భాగం వచ్చే ఆదివారం: చాప.)